ఫ్లాపీలో దాగిన మంగళవారం

ఉదయం ఏడు దాటింది. కుసుమకుమారి కాఫీ గ్లాసు పట్టుకుని ముందు గది తలుపు తోసింది. తలుపు కదల్లేదు. పెందుర్తిలో ఈ ఇల్లు కట్టుకుని పద్దెనిమిదేళ్ళయింది. ఆ గదికి లోపల గడియ ఒకటుందన్న సంగతే ఆమె మరిచిపోయింది. కూతురు ఇంద్రజ హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. ఇంట్లో మిగిలింది మొగుడూ పెళ్ళాలిద్దరే. ఇద్దరున్న ఇంట్లో ఒకరు గడియ పెట్టుకుంటే అది ఎవరిని ఆపడానికో వేరే చెప్పాలా?

"ఏవండీ, కాఫీ. గడియేటి కొత్తగా?"

"వస్తున్నా, వస్తున్నా. గాలికి పడిపోయుంటుంది" అన్నాడు మోహనకృష్ణ లోపల్నుంచి.

అడ్డంగా జరిపితే గానీ పడని గడియ గాలికి ఎలా పడుతుందో ఆమె అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం వినాలి. తలుపు తెరుచుకోగానే ఆసుపత్రిలో ఇంజక్షన్ ముందు వచ్చే వాసన గుప్పుమంది. బల్ల మీద స్పిరిట్ సీసా, దూది ఉండలు, వాటి వెనక మూడు వారాల క్రితం అటక మీంచి దించిన పాత కంప్యూటర్. దాని పక్కన కొత్త లాప్‌టాప్. ఆమె గడపలో అడుగు పెట్టేలోపే లాప్‌టాప్ మూత పడింది.

"ఇంతకీ ఏటి సేత్తన్నారు మీరు?"

"పాత ఫైళ్ళు కొత్తదాంట్లోకి ఎక్కిస్తున్నా. అంతే."

"ఏ ఫైళ్ళు?"

"ఏవో పాతవి, కుసుమా. కాఫీ ఇలా ఇవ్వు, చల్లారిపోతుంది."

మోహనకృష్ణకు ఇప్పుడు పెందుర్తి జంక్షన్‌లో జెరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపుంది. ముప్పై ఏళ్ళ కిందట మాత్రం ద్వారకా నగర్‌లో ఒక సందులో 'కంప్యూటర్ జాతకాలు' అన్న బోర్డు కింద కూర్చునేవాడు. స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికని తణుకు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం వాళ్ళది. పంతులుగారు రెండు రోజులు కూర్చుని వేసే జాతకం ఆ మెషిన్ రెండు నిమిషాల్లో గరగరమంటూ అచ్చు వేసి ఇస్తుంటే, జనం ప్రసాదంలా కళ్ళకద్దుకుని తీసుకెళ్ళేవారు. ఆ మెషినే ఇప్పుడు ముందు గదిలో ఉంది.

దానిలో హార్డ్ డిస్క్ ఎప్పుడో చచ్చిపోయింది. ఉన్నదంతా ఫ్లాపీల్లోనే. అప్పడాల్లా వంగే ఆ పెద్ద ఫ్లాపీలు కొత్త కంప్యూటర్లలో పట్టవు. అందుకని పాత మెషిన్‌లో పెద్దదాంట్లోంచి చిన్న ఫ్లాపీలోకి దించాలి, ఆ చిన్నదాన్ని లాప్‌టాప్‌కి తగిలించే ఒక డబ్బాలో పెట్టి మళ్ళీ ఎక్కించాలి. పైగా విశాఖ తేమకు ఫ్లాపీల లోపలి పలచటి పళ్ళేల మీద తెల్లగా బూజు పట్టింది. ఒక్కోదాన్ని స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి. ఒక్క ఫ్లాపీకి పూట పడుతుంది. ఇదంతా అతను చెబితే కుసుమకుమారి వినేదే. చెప్పకపోవడమే ఆమెకు నిద్ర లేకుండా చేస్తోంది.

చెప్పనివి ఇంకా ఉన్నాయి. ఈ మధ్య అతను ఫోనొస్తే మేడ మీదికి వెళ్తున్నాడు. మొన్న అతను స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ తీసి చూసింది. వారంలో తొమ్మిదిసార్లు ఒకటే పేరు. వదిన.

వదిన అంటే బయటి మనిషి కాదు, కుసుమకుమారి సొంత అక్క జ్యోతిర్మయి. ఎలమంచిలిలో స్కూలు టీచరు. యాభై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు. అక్క ఫోన్ చేస్తే తనకు చెయ్యాలి గానీ మరిదికెందుకు? ఈ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు, రోట్లో పచ్చడితో పాటు నూరింది.

ఆ మధ్యాహ్నం ఎదురింటి కాశమ్మ వచ్చి, గుమ్మంలో కూర్చుని, అడగని సంగతి చెప్పింది.

"మీ ఆయనేటమ్మా, నిన్న ఎలమంచిలిలో కనబడ్నారు? మా పిల్లని సూడ్డానికి ఎల్లాను గదా. మీ అక్కా, ఆయనా ఆటో ఎక్కి ఎటో ఎల్తన్నారు. పిలిసాను గానీ ఇనపడ్లేదు."

"ఏదో పనుండి ఎల్లారులే" అంది కుసుమకుమారి. నిన్న అతను చెప్పింది ద్వారకా నగర్‌లో ఏదో పార్టు కొనడానికి వెళ్తున్నానని.

సాయంత్రం అతను షాపు నుంచి వచ్చాక మంచినీళ్ళిస్తూ అడిగింది.

"నిన్న ద్వారకా నగర్‌లో పార్టు దొరికిందా?"

"ఆఁ, దొరికింది."

"జనం బాగా ఉన్నారా?"

"ఎప్పుడూ ఉండేదేగా."

అంత తేలిగ్గా అబద్ధమాడే మనిషితో ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేశానా అనుకుంది. గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

అనుమానం వచ్చిన మనసు అక్కడితో ఊరుకోదు, పాతవన్నీ తవ్వుతుంది. అక్కకు పెళ్ళి కాకపోవడానికి కారణం జాతకం. మూలా నక్షత్రం. మూలలో పుట్టిన పిల్ల కోడలైతే మామగారికి గండమని పేరు. ఇరవై మూడేళ్ళ వయసు నుంచి ముప్పై అయిదు దాకా పద్నాలుగు సంబంధాలొచ్చాయి. పిల్ల నచ్చింది, చదువు నచ్చింది, నక్షత్రం వినగానే కాఫీ గ్లాసులు కింద పెట్టేసి లేచిపోయారు. మామగారు లేని సంబంధం చూద్దామంటే, చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటామా అని అక్కే వద్దంది. ఆ మధ్యలోనే, నా కోసం దీన్ని ఆపొద్దు అని తండ్రిని ఒప్పించి, కుసుమకుమారి పెళ్ళి దగ్గరుండి చేయించింది.

అలాంటి అక్క. అలాంటి అక్క మీద ఇప్పుడు ఇలాంటి ఆలోచన. కుసుమకుమారికి తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినంత మాత్రాన అనుమానం పోలేదు.

శనివారం ఉదయం మోహనకృష్ణ గడియ సంగతి మరిచి స్నానానికి వెళ్ళాడు. ఆమె గదిలోకి దూరింది. లాప్‌టాప్ తెర నల్లగా ఉంది, దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. మొదటి వరసలో అక్క పేరు. రెండో వరసలో అక్క పుట్టిన తేదీ. ఇంకా కింద ఏవో వరసలున్నాయి గానీ, స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆగింది. ఆమె బయటికొచ్చేసింది.

మొగుడు గడియ పెట్టుకుని రోజూ చూస్తున్నది తన అక్క పేరు. ఇక తేల్చుకోవాల్సిందే.

"అక్కా, రేపు ఆదివారం కదా, ఇంటికి రా. వంజరం తెప్పిత్తన్నాను. పులుసెడతాను."

"ఏటే హఠాత్తుగా?" అంది జ్యోతిర్మయి ఫోన్లో.

"సెల్లెలు తిండానికి పిలిత్తే కారణం సెప్పాలా?"

ఆదివారం అక్క పదకొండింటికే వచ్చింది. వెళ్ళి వంటింట్లో చెయ్యి కలపబోతే కుసుమకుమారి వద్దంది. పులుసు దించింది, అన్నం వార్చింది, కంచాలు మాత్రం పెట్టలేదు. ముందు గదిలోకి వచ్చి ఇద్దరికీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తిండం తరవాత. ముందు నాకొకటి సెప్పండి. బుధవారం నాడు మీరిద్దరూ ఆటోలో ఎక్కడికెల్లారు?"

మోహనకృష్ణ చెయ్యి స్పిరిట్ సీసా మూత మీదే ఆగిపోయింది. జ్యోతిర్మయి చెల్లెలి ముఖంలోకి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆమెకు అర్థమైంది.

"కుసుమా, నువ్వు ఏటనుకుంతన్నావో నాకు తెలుస్తంది. ఆ మాట నోటితో అనకు. అన్నావంటే ఇంక నానీ గుమ్మం తొక్కను."

"అయితే నువ్వే సెప్పు, అక్కా. వారంలో తొమ్మిది ఫోన్లు. నాకు ఒక్కటైనా సేసావా? ఈయన ద్వారకా నగర్ ఎల్లాననీసి ఎలమంచిలి వత్తన్నారు. గదికి గడియ. కంప్యూటర్‌లో నీ పేరు. నానేటనుకోవాలి?"

"నీకు చెప్పొద్దని మరిది దగ్గర ఒట్టేయించుకున్నాను. అందుకే."

"ఎందుకు?"

జ్యోతిర్మయి కాసేపు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. బడిలో నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే మనిషి, చెల్లెలి ముందు మాట కోసం వెతుక్కుంది.

"మా స్కూల్లో గురువులుగారని లెక్కల మాస్టారు. భార్య పోయి ఏడేళ్ళయింది. పిల్లల్లేరు. నన్ను చేసుకుంటానన్నారు."

కుసుమకుమారి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"చూసావా, ఇప్పుడే నీ మొహం వెలిగిపోతంది. నీకు చెప్తే ఏటి చేస్తావో నాకు తెలుసు. ఒప్పేసుకో అక్కా అని పోరు పెడతావు. ఊరంతా చెప్తావు. నానేమో కాదనాలి. గురువులుగారికి తండ్రున్నారే. వరహాలుగారని, ఎనభై మూడేళ్ళ మనిషి. ఈ వయసులో కూడా తెల్లారే లేచి సైకిల్ మీద పాలకెళ్తారు. దారిలో ఎదురుపడి అమ్మా అని పలకరిస్తే నాను తల దించుకుని వెళ్ళిపోతాను. పలికితే నా వల్ల ఆయనకేదైనా అవుతాదేమోనని భయం. నవ్వకు, నాను టీచర్నే. అయినా పద్నాలుగు ఇళ్ళవాళ్ళు అదే మాట అన్నాక, లోపలెక్కడో దిగిపోయింది."

ఎవరూ నవ్వలేదు. మోహనకృష్ణ అందుకున్నాడు.

"అత్తయ్య తద్దినం నాడు వదినని బస్సెక్కించడానికి వెళ్ళాను కదా, అప్పుడు చెప్పింది. మాటల్లో ఇంకోటి కూడా అంది. తను పుట్టిన తెల్లారి బుధవారం సంతట, మావయ్య సంతకి వెళ్ళకుండా ఉండిపోయారట. ఆ మాట వినగానే నా గుండె ఆగినంత పనైంది."

"సంతకీ దీనికీ ఏటి?" అంది కుసుమకుమారి.

"మన వాళ్ళకి సూర్యుడు పొడిస్తేనే వారం మారుతుంది. మంగళవారం రాత్రి మూడు గంటలకి అంటారు. కంప్యూటర్‌కి అర్ధరాత్రి పన్నెండుకే రోజు మారిపోతుంది. దాని లెక్కలో ఆ మూడు గంటలు బుధవారంవి. షాపు పెట్టిన కొత్తలో ఆ సంగతి నాకు తట్టలేదు. చెప్పిన తేదీ చెప్పినట్టు కొట్టేవాణ్ణి. రెండేళ్ళకి ఒక పంతులుగారు నాలుగు జాతకాలు నా మొహాన కొట్టి, నాయనా, ఇవన్నీ ఒక రోజు వెనక్కున్నాయి అన్నారు. ఆ తర్వాత నుంచి ప్రతివాళ్ళనీ అడిగేవాణ్ణి, తెల్లారితే ఏ వారం అని. కానీ వదిన జాతకం అంతకు ముందుది."

ఆ జాతకం కాగితం హుద్‌హుద్ తుఫానులో తడిసి ముద్దయిపోయింది. దాంట్లో ఏ తేదీ వేశారో ఎవరికీ గుర్తులేదు. మిగిలింది మూల అన్న మాట ఒక్కటే. అందుకే అటక మీది కంప్యూటర్ కిందికి దిగింది. బుధవారం నాడు ఇద్దరూ ఆటోలో వెళ్ళింది జ్యోతిర్మయికి పురుడు పోసిన గంగాలమ్మ దగ్గరికి. తొంభై ఏళ్ళ ఆ మంత్రసాని, తెల్లారితే సంత అన్న మాట నిజమేనని చెప్పింది.

కుసుమకుమారి తల వంచుకుంది. తను ఎంత దూరం ఆలోచించిందో, ఆ ఆలోచనకు ఎదురుగా కూర్చున్న ఇద్దరూ ఎంత చిన్నబోయారో ఇప్పుడు కనబడింది. లేచి అక్క కాళ్ళ దగ్గర కూర్చోబోతుంటే జ్యోతిర్మయి చెయ్యి అడ్డం పెట్టింది.

"అది తరవాత. మరిదీ, ఆ ఫ్లాపీ ఏమైంది? నాలుగు రోజుల్నుంచి ఫోన్ ఎత్తడం లేదు మీరు."

మోహనకృష్ణ కిటికీ వైపు చూశాడు.

"పాడైపోయింది వదినా. ఎంత తుడిచినా చదవడం లేదు. అయినా దానితో పని లేదు. గంగాలమ్మ చెప్పినదాన్ని బట్టి కొత్తగా వేసి చూశాను. నీది పూర్వాషాఢ. మూల కాదు. ఏ దోషమూ లేదు."

జ్యోతిర్మయి ముఖంలో ఏదో వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"నా మీద జాలితో అంటున్నారు."

"లేదు వదినా, ఒట్టు."

"అప్పుడు మీరు బుధవారం తేదీనే కొట్టి ఉంటే? దానికే మూల వచ్చినట్టు కదా. పాతది ఒకటి చెప్పి కొత్తది ఒకటి చెప్తే నానేది నమ్మాలి? నా ఒక్కదాని సంగతైతే మీ మాట మీద దూకేద్దును. అవతల ఒక పెద్దాయన ప్రాణం. పాతదాంట్లో ఏముందో కళ్ళతో చూస్తే గానీ నాను ఆ ఇంట్లో అడుగు పెట్టలేను. పాడైపోయిందంటే ఇంక నా రాత అంతే."

ఆమె సంచీ అందుకుంది. ఆ అందుకోవడంలో కోపం లేదు. అలవాటుంది. ఆ అలవాటు చూసి కుసుమకుమారి సంచీ పట్టుకుని ఆపింది.

"పాడవలేదక్కా" అంది. "ఈయన అబద్ధమాడతన్నారు. నిన్న పొద్దున్నే నాను సూసాను. నీ పేరు, నీ తేదీ, అన్నీ అందులో ఉన్నాయి."

"కుసుమా, వద్దు" అన్నాడు మోహనకృష్ణ.

అతని ముఖంలో రంగు పోయింది. అది చూసి, ఇంతసేపూ తగ్గిన అనుమానం మళ్ళీ లేచింది. అక్క జీవితం తేల్చే కాగితం చేతిలో ఉంచుకుని పాడైపోయిందంటాడా? ఏం దాస్తున్నాడు? ఎవరి కోసం దాస్తున్నాడు? ఆమె లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుని మూత తెరిచింది.

"నా మాట విను. అది చూడాల్సిన అవసరం లేదు. ఫలితం చెప్పాను కదా."

"మీరు ఊరుకోండి. ఇది మా అక్క బతుకు. నాను సదువుతాను, అక్కా, నువ్వు ఇను."

నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. కుసుమకుమారి వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది.

"పేరు, జ్యోతిర్మయి. పుట్టిన తేదీ, ఆగస్టు ముప్పై ఒకటి, పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి."

"అంటే మంగళవారం" అంది జ్యోతిర్మయి. "సెప్టెంబరు ఒకటి కాదు."

"టైము, తెల్లవారుజాము మూడు. ఊరు, ఎలమంచిలి. నక్షత్రం, మూల. తప్పేనక్కా, తేదీ తప్పే. నీది మూల కాదు. ఈయన దొంగ సావు సచ్చి దాసారు గానీ నిజంగానే తప్పు. వివరాలు ఇచ్చినవారు..."

ఆ వరస దగ్గర ఆమె ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. అక్షరాలు మారలేదు.

"చదువు" అంది జ్యోతిర్మయి.

"కుసుమకుమారి" అంది ఆమె. "చెల్లెలు."

కుసుమకుమారికి అంతా గుర్తొచ్చింది. నాన్నకు జ్వరమని తనను పంపారు. పద్దెనిమిదేళ్ళు. ద్వారకా నగర్ సందులో మెట్లెక్కి, కౌంటర్ ముందు నిలబడి, మంగళవారం రాత్రి మూడు గంటలకంట అంది. తేదీ ఎంత అని ఆ అబ్బాయి అడిగితే, తెలిసినట్టే ముప్పై ఒకటి అని గట్టిగా చెప్పింది. అమ్మ చెప్పమన్నది కూడా అదే. కరెంటు పోయి అచ్చు ఆగిపోతే, మూడో రోజు కాగితం తీసుకోవడానికి మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత పని లేకపోయినా వెళ్ళింది. ఆ కౌంటర్ దగ్గరే తనకు మొగుడు దొరికాడు. అక్కకు దొరకాల్సినవాళ్ళు అక్కడే పోయారు.

"ఇదా దాసారు?" అంది మొగుడితో.

"తప్పు నీది కాదు" అన్నాడు మోహనకృష్ణ. "ఇంట్లో ఏం చెప్పమంటే అది చెప్పావు. అడగాల్సింది నేను. ఆ రోజు నేను స్క్రీన్ వైపు చూడనేలేదు వదినా. దీన్ని చూస్తూ కొట్టాను. ఫలితం నీకు చెప్పేసి, ఈ పేరు మాత్రం లేకుండా చేద్దామనుకున్నాను. దీనికి తెలిస్తే తట్టుకోలేదని. నన్ను ఏమన్నా అను, పడతాను."

జ్యోతిర్మయి లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. కుసుమకుమారి వెక్కిళ్ళు వినబడుతున్నా వెనక్కి తిరగలేదు.

"కోపం రాలేదంటే అబద్ధం" అంది చివరికి. "వచ్చింది. పద్నాలుగుసార్లు చీర కట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారి, ఒక్క మాట, తెల్లారితే ఏ వారమని ఎవరో ఒకరు అడిగుంటే. మీరడగలేదు. అమ్మకి తట్టలేదు. నాన్నకి తట్టలేదు. నాకూ తట్టలేదే, అది నా జాతకమే కదా. ఎవర్ని తిట్టను?"

"నన్ను తిట్టక్కా. నీ బతుకు నాశనం సేసి, మళ్ళీ నిన్నే అనుమానించాను. రెండు సెంపలూ వాయించు."

"వాయిస్తాను, ఆగు. అన్నం తిన్నాక వాయిస్తాను" అంది జ్యోతిర్మయి. ఆ గొంతులో నవ్వూ ఏడుపూ రెండూ ఉన్నాయి. వచ్చి చెల్లెలి పక్కన నేల మీద కూలబడి, తల పట్టుకుని గుండెకు ఆనించుకుంది. "పద్దెనిమిదేళ్ళ పిల్లవి. నీకేటి తెలుసే? నిన్ను పంపిందే మేము."

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఏడుస్తుంటే మోహనకృష్ణ ఏం చెయ్యాలో తోచక స్పిరిట్ సీసా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

కాసేపటికి జ్యోతిర్మయి కొంగుతో ముఖం తుడుచుకుని, సంచీలోంచి ఫోన్ తీసింది. కుసుమకుమారి పక్కనే ఉండిపోయింది, అక్క మోచెయ్యి వదల్లేదు.

"గురువులుగారూ, నానండి. లేదు, స్కూలు సంగతి కాదు. మీతో కాదు పని. మీ నాన్నగారు ఉన్నారా? ఒకసారి ఫోన్ ఇస్తారా?"

అవతల ఎవరో ఎవర్నో కేకేశారు. కుర్చీ జరిగిన చప్పుడు. ముసలి గొంతు ఒకటి, ఎవరమ్మా అంది.

జ్యోతిర్మయి కళ్ళు మూసుకుంది. ముప్పై ఏళ్ళుగా ఏ మనిషినీ పిలవడానికి సాహసించని పిలుపు నోటి దాకా వచ్చి ఆగింది. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మావయ్యగారూ" అంది. "నాను జ్యోతిర్మయినండి. భోంచేసారా?"